వెండి ఇచ్చి కొన్న కొండ, నోటీసు ఇచ్చి తీసుకునే కొండ

షోమ్రోను అనే పేరు మనకు కొత్త కాదు. సండే స్కూల్లో ఏలీయా కథ విన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరే. అహాబు రాజు, యెజెబెలు రాణి, ఏళ్ల తరబడి కరువు, నాబోతు ద్రాక్షతోట, ఇవన్నీ ఆ రాజ్యపు కథలే. కొత్త నిబంధనకు వచ్చేసరికి అదే పేరు సమరయ అవుతుంది. ఫిలిప్పు వెళ్లి క్రీస్తును ప్రకటించింది అక్కడే.

ఇంతగా తెలిసిన ఆ కొండ ఈరోజు ఎలా ఉంది? దాని పక్కన ఎవరు బతుకుతున్నారు? ఈ ప్రశ్న మన ప్రసంగాల్లో వినబడదు. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లి వచ్చిన వాళ్ల ఫోటోల్లోనూ కనబడదు. అందుకే ఈ నెల ఆ కొండ గురించి, ఆ ఊరి గురించి రాస్తున్నాం. అక్కడ జరుగుతున్నది రాళ్ల గొడవ కాదు, రైతుల భూమి గొడవ. భూమి గొడవ అంటే ఏమిటో మన జనానికి వేరే చెప్పనక్కర్లేదు.

ఒలీవ చెట్ల మధ్య రాజధాని

ఆ ఊరి పేరు సెబాస్తియా. పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంకులో, నాబ్లస్ పట్టణానికి వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది. నాబ్లస్ అంటే మన బైబిల్లోని షెకెము ఉన్న చోటు. సెబాస్తియా జనాభా మూడు వేలకు పైబడి ఉంటుంది, దాదాపు అందరూ ముస్లింలే. ఒలీవ తోటలే ఊరికి ప్రధాన ఆధారం. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటిల్లిపాదీ తోటకు వెళ్తారు. చెట్టు కింద పట్టా పరిచి, కాయ కోసి, గానుగకు తోలి నూనె తీయించుకుంటారు. ఆ నూనెతోనే ఏడాదంతా వంట, ఆ నూనె అమ్మితేనే పిల్లల ఫీజులు.

ఈ తోటల మధ్యనే ప్రాచీన ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు రాజధాని ఉంది. క్రీస్తుపూర్వం తొమ్మిదో శతాబ్దంలో ఒమ్రీ రాజు కట్టించిన పట్టణం అది. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు వాళ్లు దాన్ని జయించారు. తర్వాత హేరోదు రాజు దాన్ని మళ్లీ గొప్పగా కట్టి, రోమా చక్రవర్తి ఔగుస్తు పేరున సెబాస్తె అని పిలిచాడు. ఔగుస్తు అనే బిరుదుకు గ్రీకులో సెబాస్తొస్ అంటారు. ఆ పేరే అరబీ నోట సెబాస్తియాగా మిగిలింది. రెండు వేల ఏళ్లుగా ఆ పేరును నిలబెట్టింది ఊరి జనమే. ఇప్పటికీ ఔగుస్తు గుడి మెట్లు, రోమా కాలపు స్తంభాల వీధి, నాటకశాల అక్కడ ఉన్నాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒలీవ చెట్లున్నాయి.

ఊరి నడుమ ఇంకో చోటుంది. బాప్తిస్మమిచ్చు యోహానును సమాధి చేసింది అక్కడేనని పాతకాలం నుంచి క్రైస్తవుల నమ్మకం. పన్నెండో శతాబ్దంలో క్రూసేడర్లు దాని మీద పెద్ద చర్చి కట్టారు. ఈరోజు ఆ గోడల మధ్య మసీదు ఉంది. దాని పేరు నబీ యహ్యా, అంటే యోహాను ప్రవక్త. ముస్లింలు కూడా ఆయనను ప్రవక్తగా గౌరవిస్తారు. మనం గౌరవించే భక్తుని సమాధిని ఇన్నాళ్లూ చూసుకుంటున్నది ఆ ఊరి ముస్లిం కుటుంబాలే.

మట్టి పెంకుల మీద రైతు లెక్కలు

1908 నుంచి 1910 వరకు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ కొండ మీద తవ్వకాలు జరిపారు. 1930లలో మళ్లీ తవ్వారు. పండితులు రాసిన పుస్తకాల మీద పండితుల పేర్లున్నాయి. కానీ పలుగూ పారా పట్టి, తట్టలతో మట్టి మోసింది చుట్టుపక్కల ఊళ్ల ఆడా మగా కూలీలే.

ఆ తవ్వకాల్లో రెండు ముఖ్యమైనవి దొరికాయి. ఒకటి, చెక్కడపు పని చేసిన ఏనుగు దంతపు ముక్కలు, వందల సంఖ్యలో. అహాబు దంతపు ఇల్లు కట్టించాడని రాజుల గ్రంథం చెబుతుంది. దంతపు మంచాల మీద పడుకునేవాళ్లను ఆమోసు ప్రవక్త ఎంత గట్టిగా మందలించాడో మనకు తెలుసు. ఆ విలాసం నిజమేనని ఆ ముక్కలే సాక్ష్యం.

రెండోది, సిరాతో రాసిన మట్టి పెంకులు. చదవడానికి వీలైనవి అరవైకి పైగా ఉన్నాయి. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం నాటివి. వాటి మీద యుద్ధాలు లేవు, రాజుల పొగడ్తలు లేవు. ఫలానా ఏట, ఫలానా ఊరి నుంచి, ఫలానా వాడి పేరున ఒక జాడీ పాత ద్రాక్షారసం, ఒక జాడీ మంచి నూనె, ఇవీ వాటి మీది లెక్కలు. చుట్టుపక్కల పల్లెల నుంచి రాజధానికి చేరిన పంటకు రసీదుల్లాంటివి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పల్లె పంపిన నూనె ఒకవైపు, నగరు పడుకున్న దంతపు మంచం మరోవైపు. ఆమోసు ప్రసంగం మొత్తం ఆ తేడా గురించే. ఆ కొండ మనకు చెప్పే చరిత్రలో రాజు ఎంత ఉన్నాడో, నూనె తీసిన రైతూ అంతే ఉన్నాడు. ఇరవై ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ చుట్టూ అదే నూనె తీస్తున్నారు. ఆ కొండ మీద ఇప్పటికీ ప్రాణంతో ఉన్న ప్రాచీన వారసత్వం ఏదైనా ఉంటే, అది ఆ సేద్యమే.

ఊరు ఒకరి చేతిలో, కొండ ఒకరి చేతిలో

1967 యుద్ధం నుంచి వెస్ట్ బ్యాంకు ఇజ్రాయెల్ సైన్యం అధీనంలో ఉంది. 1995లో జరిగిన రెండో ఓస్లో ఒప్పందం ఆ ప్రాంతాన్ని ఎ, బి, సి అని మూడు భాగాలు చేసింది. సి భాగంలో పాలనా పోలీసూ అన్నీ ఇజ్రాయెల్ చేతిలోనే. మొత్తం వెస్ట్ బ్యాంకులో దాదాపు 60 శాతం ఆ భాగమే. ఆ ఒప్పందం అయిదేళ్ల తాత్కాలిక ఏర్పాటు అన్నారు. ముప్పై ఏళ్లు దాటింది.

సెబాస్తియాలో ఆ గీత ఊరికీ కొండకూ మధ్య పడింది. ఇళ్లు బి భాగంలో ఉన్నాయి. శిథిలాలున్న కొండలో ఎక్కువ భాగం సి లోకి పోయింది. అంటే తాత నాటిన చెట్టు ఉన్న చోట మనవడు చిన్న పని చేసుకోవాలన్నా సైనిక పరిపాలన అనుమతి కావాలి. ఊరి పంచాయతీ పాత రాయిని నిలబెట్టాలన్నా అంతే. దగ్గర్లోనే 1977లో షావే షోమ్రోన్ అనే ఇజ్రాయెలీ కాలనీ వెలిసింది. ఆ పేరుకు అర్థం షోమ్రోనుకు తిరిగివచ్చినవారు అని.

2012లో పాలస్తీనా ఈ స్థలాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వం కోసం పరిశీలించాల్సిన జాబితాలో పెట్టింది. 2023 మే నెలలో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇక్కడ పర్యాటక అభివృద్ధికని 3.2 కోట్ల షెకెళ్ల పథకాన్ని ఆమోదించింది. 2025 నవంబరులో, శిథిలాల రక్షణ పేరిట సుమారు 1,800 దునాముల భూమిని, అంటే మన లెక్కలో దాదాపు 450 ఎకరాలను, స్వాధీనం చేసుకునే ఉద్దేశాన్ని ప్రకటించింది. ఆ భూమిలో వేల ఒలీవ చెట్లున్నాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు 14 రోజులు. ఒలీవ మొక్క నాటితే సరిగ్గా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ చెట్టు తనదని చెప్పుకోవడానికి రైతుకు రెండు వారాలు.

ఇలాంటి ప్రకటన తర్వాత ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. హెబ్రోను కొండల దక్షిణాన సూసియా అనే పల్లె ఉంది. గొర్రెల కాపరులు తరతరాలుగా గుహల్లో బతికిన చోటు. అక్కడ ప్రాచీన యూదుల సమాజమందిరం బయటపడింది. 1986లో ఆ చోటును పురావస్తు స్థలంగా ప్రకటించి, కుటుంబాలను వెళ్లగొట్టారు. వాళ్లు కొద్ది దూరంలో ఉన్న సొంత పొలాల్లో గుడారాలూ రేకుల షెడ్లూ వేసుకున్నారు. అనుమతి లేదని వాటిని కూడా కూల్చుతూ వచ్చారు. అనుమతి అడిగితే ఇవ్వరు, లేకుండా కడితే ఉంచరు.

ఒమ్రీ ఎలా తీసుకున్నాడు, అహాబు ఎలా తీసుకున్నాడు

ఇక్కడ మనలో కొందరు ఒక మాట అంటారు. “అది దేవుడు ఇశ్రాయేలుకు ఇచ్చిన భూమి కదా, మనకెందుకు?” అని. చాలా సంఘాల్లో వినబడే మాట ఇది. దీనికి జవాబు వేరే ఎక్కడో వెతకక్కర్లేదు, ఆ కొండ కథలోనే ఉంది.

1 రాజులు 16వ అధ్యాయం తీయండి. ఒమ్రీ మంచి రాజని ఆ అధ్యాయం చెప్పదు. అయినా ఆ కొండ విషయంలో ఒక సంగతి రాసిపెట్టింది. ఒమ్రీ ఆ కొండను షెమెరు అనే వ్యక్తి దగ్గర వెండి ఇచ్చి కొన్నాడు. పట్టణం కట్టాక దానికి ఆ పాత యజమాని పేరే పెట్టాడు. షెమెరు పేరు మీదే షోమ్రోను. రాజు అయి ఉండి కూడా వెల కట్టి కొన్నాడు, అమ్మినవాడి పేరు చెరపలేదు.

ఇప్పుడు 21వ అధ్యాయం. ఒమ్రీ కొడుకు అహాబుకు యెజ్రెయేలులో తన నగరు పక్కనున్న ద్రాక్షతోట మీద కన్ను పడింది. కూరతోట వేసుకుంటానన్నాడు, బదులు తోట ఇస్తానన్నాడు, డబ్బు ఇస్తానన్నాడు. అది పిత్రార్జితం, ఇవ్వనన్నాడు నాబోతు. అప్పుడు యెజెబెలు సైనికులను పంపలేదు. ఉత్తరాలు రాసింది. వాటికి రాజముద్ర వేసింది. పెద్దలను పిలిపించింది, సభ పెట్టించింది, ఇద్దరు సాక్షులను నిలబెట్టించింది. పైకి అంతా చట్టప్రకారమే జరిగింది. కాగితం సరిగ్గా ఉంది. నాబోతు చచ్చాడు, తోట రాజుది అయింది.

అప్పుడు దేవుడు ఏలీయాను ఎవరి దగ్గరికి పంపాడు? అన్యుల రాజు దగ్గరికి కాదు, ఇశ్రాయేలు రాజు దగ్గరికే. వాగ్దాన భూమిలో, ఎన్నుకున్న జనం మధ్యలో, ముద్ర వేసిన కాగితంతో జరిగిన ఆక్రమణను దేవుడు హత్య అనీ దోపిడీ అనీ పిలిచాడు. దేవుడు ఇచ్చిన భూమి అన్న మాట అహాబును కాపాడలేదు. ఈనాటి ఏ ప్రభుత్వానికైనా అది ఎలా రక్షణ అవుతుంది?

ఒక విషయం స్పష్టంగా చెబుతున్నాం. షోమ్రోనుతో యూదులకున్న బంధం కల్పన కాదు, నిజమే. ఆ రాళ్లలో వాళ్ల పితరుల చరిత్ర ఉంది. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. యూదుల మీద ద్వేషం క్రైస్తవ చరిత్రలో ఎంత ఘోరం చేసిందో తెలిసిన మనం ఆ భాష మాట్లాడకూడదు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ పౌరులను చంపడం పాపం. గాజాలో వేలాది పిల్లల ప్రాణాలు పోవడం పాపం. సెబాస్తియా విషయంలో ప్రశ్న ఒక్కటే. పితరుల జ్ఞాపకం ఉన్నంత మాత్రాన బతికున్నవాడి చెట్టు లాక్కోవచ్చా? లాక్కోకూడదని అంటున్నవాళ్లలో ఇజ్రాయెలీలూ ఉన్నారు. ఎమెక్ షావే అనే ఇజ్రాయెలీ పురావస్తు నిపుణుల సంస్థ, పీస్ నౌ అనే సంస్థ దీన్ని బహిరంగంగా వ్యతిరేకిస్తున్నాయి. 2024 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని సలహా అభిప్రాయం ఇచ్చింది.

ఎనిమిది రోజుల వారం

శిథిలాలనూ రైతునూ కలిపి కాపాడటం కుదరదని అనుకుంటే, బేత్లెహేము దగ్గరున్న బత్తీర్ ఊరిని చూడాలి. యెరూషలేముకు నైరుతిగా, లోయ అంచున ఉంది. కొండవాలుకు రాతి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి కూరగాయలు, ఒలీవలు పండిస్తారు. అక్కడి వంకాయకు పెద్ద పేరు. ఊట నీళ్లు రోమా కాలపు తొట్టిలోకి చేరి, అక్కడి నుంచి పిల్లకాలువల్లో మడులకు వెళ్తాయి. ఊళ్లో ఎనిమిది వంశాలు. ఒక్కో వంశానికి ఒక్కో రోజు నీటి వంతు. అందుకే బత్తీరులో వారానికి ఎనిమిది రోజులని చెప్పుకుంటారు. మన ఊళ్లలో చెరువు కింద వంతుల ప్రకారం నీళ్లు కట్టుకున్న రైతులకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఊరి పైన కొండ మీద ప్రాచీన బేతార్ కోట శిథిలాలున్నాయి. రోమా మీద తిరగబడిన యూదులు క్రీస్తుశకం 135లో చివరిసారి పోరాడి ఓడిన చోటు అది.

1949లో యుద్ధ విరమణ గీత ఈ ఊరి పొలాల మీదుగా, రైలు పట్టాల వెంబడి పోయింది. అప్పుడు ఊరి పెద్దలు, ముఖ్యంగా హసన్ ముస్తఫా అనే ఉపాధ్యాయుడు, ఒక ఒప్పందం సాధించారు. రైలుకు ఊరి వైపు నుంచి ఏ హానీ రాకుండా చూస్తాం, పట్టాల అవతలి మా పొలాలు మేం సాగు చేసుకుంటాం అన్నారు. ఊరు ఆ మాట నిలబెట్టుకుంది. తర్వాత వేర్పాటు గోడ ఆ మడుల మీదుగా కట్టాలని చూసినప్పుడు రైతులతో పాటు ఇజ్రాయెలీ పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. ఇజ్రాయెల్ ప్రకృతి, పార్కుల సంస్థ సైతం గోడ వల్ల నష్టమేనని చెప్పింది. 2014లో యునెస్కో బత్తీరును ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గోడ ఆగింది. అక్కడ వారసత్వం అని గుర్తించింది శిథిలాన్ని ఒక్కదాన్నే కాదు. గట్టునూ నీటి వంతునూ వాటిని నడిపే రైతునూ కలిపి గుర్తించింది. అందుకే ఆ గుర్తింపు రైతుకు కవచమైంది.

ఆ కవచం కూడా ఇప్పుడు పలచబడుతోంది. 2024 ఆగస్టులో ఆ వారసత్వ ప్రాంతంలోనే నహాల్ హెలెట్జ్ అనే కొత్త కాలనీకి ఇజ్రాయెల్ భూమి కేటాయించింది. బయటి లోకం చూస్తున్నంతసేపే ఇలాంటి కవచాలు పనిచేస్తాయి.

మన గుమ్మం ముందు

సరిహద్దు తగాదా, పాత రాళ్లు, వాటి పక్కన పేదవాడి బతుకు. కర్ణాటకలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ మూడూ దూరపు సంగతులు కావు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి ఎవరిదని పెద్ద గొడవే జరిగింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. అలా మైసూరుకు వెళ్లిన నేలలోనే హంపి ఉంది. 1986లో అది ప్రపంచ వారసత్వ స్థలం అయింది. 2011లో హంపి బజారు మండపాల్లో కాపురాలూ కొట్లూ పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. కట్టడాలు పాడవుతున్నాయని అధికారులు చెప్పిన కారణంలో నిజం ఉండవచ్చు. కానీ కట్టడానికి దొరికిన శ్రద్ధలో కొంతైనా ఆ కుటుంబాలకు ముందే దొరికి ఉండాల్సింది. విజయనగర రాజులు తవ్వించిన కాలువల్లో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి, వాటి కింద అరటి, వరి పండుతున్నాయి. ఆ కాలువను నడిపే రైతు ఎవరికీ అడ్డు కాదు. అతడు కూడా హంపిలో భాగమే.

పాలస్తీనాకు న్యాయం కావాలని మాట్లాడి, మన పక్కన కొండవాలు గిరిజనుడికో, దళితుడి అసైన్డ్ భూమికో నోటీసు వచ్చినప్పుడు నోరు మూసుకుంటే మన మాటకు విలువ లేదు. ఇక్కడ మాట్లాడి అక్కడ మూసుకున్నా అంతే. నాబోతు ఒక్క దేశంలోనే లేడు.

కాబట్టి మన యువతకు నాలుగు పనులు చెబుతున్నాం. ఒకటి, ఈ నెల యూత్ మీటింగులో 1 రాజులు 16, 21 అధ్యాయాలు కలిపి చదవండి. పక్కన సెబాస్తియా పటం పెట్టుకోండి. రెండు, పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లేవాళ్లను కదిలించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం చేస్తున్నందున కూడా మనవాళ్లు చాలామంది వెళ్తున్నారు. వెళ్లే ముందే టూరు నడిపేవాళ్లను అడగమనండి: సెబాస్తియాకు తీసుకెళ్తారా, ఊరివాళ్ల హోటల్లో ఒక పూట భోజనం పెట్టిస్తారా, రాళ్లతో పాటు మనుషులనూ కలిపిస్తారా అని. మూడు, పాలస్తీనా క్రైస్తవులు 2009లో విడుదల చేసిన కైరోస్ పాలస్తీనా ప్రకటనను చదివి చర్చించండి. మన తోటి విశ్వాసులు తమ భూమి గురించి ఏమంటున్నారో వాళ్ల నోటనే విందాం. నాలుగు, 1988లోనే పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన దేశం మనది. ఆ మాట మీద నిలబడమని మీ ఎంపీకి ఉత్తరం రాయండి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు.

యెజెబెలు ఉత్తరాలు అందుకున్న యెజ్రెయేలు పెద్దలకు నాబోతు పరాయివాడు కాదు, వాళ్ల ఊరివాడే. అతడు నిర్దోషి అని వాళ్లకు తెలుసు. అయినా ఒక్కరు కూడా లేచి కాదనలేదు. రాజుల గ్రంథం వాళ్ల పేర్లు కూడా రాయలేదు. ఏలీయా పేరు మాత్రం మన పిల్లలకు ఇప్పటికీ పెట్టుకుంటున్నాం.